ధర్నా చౌక్ పక్కన మాంచెస్టర్ ఫ్లెక్సీ

మా ఫ్లెక్సీ షాపు విజయవాడ గాంధీనగర్‌లో ఉంది, అలంకార్ సెంటర్ ధర్నా చౌక్‌కి కూతవేటు దూరం. ఈ చోటు వల్ల మాకు రెండు రకాల గిరాకీ. ఒకటి ఊరందరికీ ఉన్నదే: పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, హీరోల సినిమా రిలీజులు, నాయకుల స్వాగతాలు. రెండోది ధర్నాలు. పొద్దున షట్టర్ ఎత్తేసరికి ఎవరో ఒకరు డిమాండ్లు రాసిన కాగితం పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంటారు. "అన్నా, పది బై నాలుగు, పదకొండింటికల్లా టెంట్ దగ్గర ఉండాలి." అంగన్‌వాడీలు, కాంట్రాక్టు లెక్చరర్లు, మున్సిపల్ కార్మికులు, డబ్బు తిరిగి రాని డిపాజిటర్లు. 2023 డిసెంబర్‌లో అంగన్‌వాడీల సమ్మె మొదలై సంక్రాంతి దాటిపోయింది. ఆ చలికాలమంతా మా మిషన్ తిన్నది ఎర్ర ఇంకే.

ధర్నా ఫ్లెక్సీ వేయించుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, అక్షరాలు తగ్గించండి అని. ఎవరూ వినరు. పన్నెండు డిమాండ్లూ ఉండాలి, పైన రాష్ట్ర కమిటీ, కింద జిల్లా కమిటీ, ఫొటోలు, ఫోన్ నంబర్లు. సిటీ బస్సులో పోయేవాడు చదివేది ఒక్క లైను. ఆ ఒక్క లైను ఏంటో వాళ్లలో వాళ్లకి తేలదు.

అలాంటి షాపులో ఒక రోజు మా సొంత ఫ్లెక్సీ ఒకటి వేసుకున్నాం. సగం ఆకుపచ్చ, సగం బంగారు రంగు. మధ్యలో తెలుగులో రెండే మాటలు: గ్లేజర్స్ అవుట్. ఆరబెట్టడానికి షాపు ముందు వేలాడదీశాం. అంతే, ధర్నా చౌక్ నుంచి టీ తాగడానికొచ్చిన ఒకాయన ఆగి చూశారు. "గ్లేజర్స్ అంటే టైల్స్ కంపెనీనా అండీ? జీతాలు ఇవ్వట్లేదా?" ఆయన ఏదో కార్మిక సంఘం మనిషే అయ్యుంటారు, గొంతులో అంత సానుభూతి ఉంది. ఇంకొకరు పసుపు చూసి ఒక పార్టీ అనుకున్నారు. వాళ్ల పక్కనున్నాయన ఆకుపచ్చ చూసి ఇంకో పార్టీ అనుకున్నాడు. రెండూ కలిపి ఉండేసరికి పొత్తేమో అని ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. విజయవాడలో రంగుకి పార్టీ లేకుండా బతకడం కష్టం.

అది ఇంగ్లాండ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ అనే ఫుట్‌బాల్ క్లబ్ ఓనర్లు, అంటే అమెరికా వాళ్లైన గ్లేజర్ కుటుంబం, దిగిపోవాలని వేసిన ఫ్లెక్సీ అని చెబితే ఆ కార్మిక సంఘం ఆయన ఒక ప్రశ్న వేశారు. "మీకేం సంబంధం?"

వెటకారం కాదు, నిజంగానే అడిగారు. టీ చల్లారేలోపు నేను చెప్పింది ఆయనకి సరిపోలేదు. అందుకే ఈ పోస్టు.

నాది సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్స్ బాల్యం. నాన్న రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. 1999 మే నెలలో, అర్ధరాత్రి దాటాక, కేబుల్ టీవీలో సౌండ్ పూర్తిగా తగ్గించి బార్సిలోనాలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ చూశాను. తొంభై నిమిషాలు అయిపోయే దాకా బేయర్న్ మ్యూనిక్ ఒక గోల్‌తో ముందుంది. ఆ తర్వాత కలిపిన రెండు మూడు నిమిషాల్లో యునైటెడ్ తరఫున షెరింగ్‌హామ్ ఒకటి, సోల్‌షేర్ ఒకటి. నేను అరిచిన అరుపుకి నాన్న లేచి నాలుగు తగిలించారు. అలా మాంచెస్టర్ యునైటెడ్ నాకు పట్టుకుంది. ఇప్పుడు మాకొక బ్యాచ్ ఉంది. మా అక్క కొడుకు, పటమటలో ఉండే ఒక మెడికల్ రెప్, కానూరు వైపు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఒక లెక్చరర్, ఇంకా ఒక బ్యాంకు ఉద్యోగి. ఆయన అసలు లివర్‌పూల్ ఫ్యాన్. మేం ఏడుస్తుంటే చూడటానికే వస్తాడు.

నాన్నకి ఫుట్‌బాల్ పట్టదు. కానీ ఆ ఫ్లెక్సీ ఇంటికి తెచ్చిన రోజు రంగులేంటని అడిగారు. క్లబ్ మొట్టమొదటి రంగులు నాన్నా అని చెప్పాను. "అసలీ టీమ్ ఎవరు పెట్టార్రా?" రైల్వే వాళ్లే పెట్టారు. 1878లో, లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వేలో, న్యూటన్ హీత్ అనే చోట. క్యారేజ్ అండ్ వ్యాగన్ డిపార్ట్‌మెంట్ కార్మికులు.

"సీ అండ్ డబ్ల్యూ వాళ్లా!" మంచం మీద నుంచి లేచి కూర్చున్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో మాంచెస్టర్ యునైటెడ్ అంటే దూరపు బంధువుల టీమ్. తర్వాతి ప్రశ్న ఆయన పద్ధతిలోనే వచ్చింది. "మరి మన వాళ్ల టీమ్‌ని ఈ అమెరికా ఆయనకి ఎవరు అమ్మారు? యూనియన్ ఏం చేస్తోంది?"

అమ్మకం ఒక్క రోజులో జరగలేదు. 1902లో న్యూటన్ హీత్ అప్పుల్లో మునిగి మూతపడే స్థితికొస్తే, జాన్ హెన్రీ డేవిస్ అనే బీరు కంపెనీ యజమాని డబ్బు పెట్టి నిలబెట్టాడు. పేరు మారింది, రంగు ఎరుపైంది. 1991లో క్లబ్‌ని స్టాక్ మార్కెట్‌లో పెట్టారు. నా లెక్కలో అసలు తలుపు తెరుచుకుంది అక్కడే. 1998లో రూపర్ట్ మర్డాక్ టీవీ కంపెనీ బీస్కైబీ 62.3 కోట్ల పౌండ్లకు కొనబోయింది. అభిమానులు గట్టిగా కొట్లాడారు, మరుసటి ఏడాది ప్రభుత్వమే ఆ అమ్మకాన్ని ఆపేసింది. అభిమానులు కొట్లాడితే ఆగుతుందని అందరూ అనుకున్నారు. కానీ షేర్లు మార్కెట్లోనే ఉన్నాయి కదా. ఫ్లోరిడాలో ఉండే మాల్కమ్ గ్లేజర్ అనే వ్యాపారి కొద్దికొద్దిగా కొనుక్కుంటూ వచ్చి, 2005 మేలో ఇద్దరు ఐరిష్ వ్యాపారుల దగ్గరున్న 28.7 శాతం కూడా తీసుకున్నాడు. మొత్తం లెక్క 79 కోట్ల పౌండ్లు.

అందులో ఎక్కువ భాగం అప్పు. అంతవరకు అప్పు లేని క్లబ్ మీదికే ఆ అప్పులో పెద్ద వాటా ఎక్కించారు. ఇది నాన్నకి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఒకటే దారి దొరికింది. ఒకడు ఇల్లు కొంటాడు, ఈఎంఐ మాత్రం ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ల చేత కట్టిస్తాడు, ఇల్లు మాత్రం వాడిదే. అప్పుల్లో ఒక రకం ఉండేది, దాని వడ్డీ ఏడాదికి 14.25 శాతం, 2010 నుంచి 16.25. నాన్న మనసులోనే లెక్క కట్టారు. "నూటికి నెలకి రూపాయి ముప్పై అయిదు పైసలు. రెండు రూపాయల వడ్డీ కంటే నయమేలే." వన్ టౌన్ వడ్డీ వ్యాపారులని చూసిన మనిషికి లండన్ బ్యాంకర్లు ఆనరు.

అభిమానులు ఊరుకోలేదు. 2005 జూన్‌లో గ్లేజర్ కొడుకులు మొదటిసారి క్లబ్ స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్ చూడ్డానికి వస్తే బయట జనం చుట్టుముట్టారు. వాళ్లని పోలీసు వ్యాన్‌లో ఎక్కించి బయటికి పంపాల్సి వచ్చింది. కొందరైతే ఇంకా పెద్ద పని చేశారు. తాతల నుంచి వస్తున్న సీజన్ టికెట్లు వదిలేసి, ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని సొంత క్లబ్ పెట్టుకున్నారు. సభ్యులే యజమానులు, మనిషికి ఒక ఓటు. ఇంగ్లిష్ ఫుట్‌బాల్ నిచ్చెనలో పైనుంచి పదో మెట్టున మొదలుపెట్టి, పదేళ్లకు సొంత మైదానం కట్టుకున్నారు. ఇంత మంది నిరసనకారుల్లో నాకు అందరికంటే గౌరవం వాళ్ల మీదే. నా వల్ల అయ్యేది కాదు.

తర్వాతది చెప్పడానికి ఇబ్బందిగా ఉంటుంది కానీ చెప్పాలి. టీమ్ గెలుస్తున్నంత కాలం ఈ గొడవ మాలో చాలామందికి గుర్తే లేదు. 2007, 2008, 2009, 2011, 2013. గ్లేజర్ల కిందే అయిదు లీగ్ టైటిళ్లు, మధ్యలో 2008లో మాస్కోలో ఛాంపియన్స్ లీగ్. కోచ్‌గా ఫెర్గూసన్ ఉన్నాడు కాబట్టి గెలిచాం, వాళ్ల వల్ల కాదు. అయినా మా మేనల్లుడు గుచ్చుతూనే ఉంటాడు. "గెలిచినప్పుడు ఫెర్గూసన్, ఓడినప్పుడు గ్లేజరా మావయ్యా?" వాడు పుట్టిందే 2005లో. వాడికి తెలిసిన యునైటెడ్ అంతా అప్పుల యునైటెడే. వాడి బాధ అప్పు కాదు, ఆర్సెనల్ మంచి ప్లేయర్లని కొంటుంటే మనం కొనట్లేదని. 2022 నవంబర్‌లో క్లబ్ అమ్మకం ఆలోచిస్తున్నాం అని గ్లేజర్లు ప్రకటించాక, ఖతార్ నుంచి షేక్ జాసిమ్ కొంటాడని వాడు నెలల తరబడి ఆశపడ్డాడు. నేను ఆశపడలేదు. ఒక ఓనర్ పోయి అంతకంటే డబ్బున్న ఓనర్ రావడమే మన డిమాండ్ అయితే, దానికి ఫ్లెక్సీ ఎందుకు, లాటరీ టికెట్ కొనుక్కుంటే పోలా? మా ఇద్దరికీ ఈ విషయంలో ఇప్పటికీ పడదు.

గెలుస్తున్న రోజుల్లో కూడా నోరు మూసుకోని వాళ్లు మాంచెస్టర్‌లో ఉన్నారు. 2010లో ఎరుపు పక్కన పెట్టి, న్యూటన్ హీత్ ఆకుపచ్చ, బంగారు రంగు స్కార్ఫులతో స్టేడియం నింపేసింది వాళ్లే. ఆ మార్చిలో ఏసీ మిలాన్ తరఫున ఆడటానికొచ్చి 4-0తో ఓడిపోయిన మా పాత ఆటగాడు డేవిడ్ బెక్‌హామ్, మైదానం దాటుతూ ఎవరో విసిరిన ఆకుపచ్చ స్కార్ఫు తీసి మెడలో వేసుకున్నాడు. ఆ ఫొటో మా షాపు కంప్యూటర్‌లో ఇంకా ఉంది. మా ఫ్లెక్సీకి రంగులు దాంట్లోంచే తీసుకున్నాను.

ఇక ధర్నా చౌక్ ఆయన ప్రశ్న. మాకేం సంబంధం?

2012 ఆగస్టులో గ్లేజర్లు క్లబ్ షేర్లు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో అమ్మకానికి పెట్టారు, షేరు 14 డాలర్లు. వచ్చిన డబ్బులో దాదాపు సగం అప్పుకి, సగం గ్లేజర్ల జేబుకి. అమ్మిన షేరుకి ఒక ఓటు, వాళ్ల దగ్గర ఉంచుకున్న షేరుకి పది ఓట్లు, కాబట్టి పెత్తనం కదల్లేదు. ఆ అమ్మకం కాగితాల్లో పెట్టుబడిదారులకి చూపించిన గొప్పల్లో మొదటి వరసలో ఉన్నది ప్రపంచవ్యాప్తంగా 65.9 కోట్ల మంది అనుచరులు అనే అంకె. ఏదో సర్వే కంపెనీ చేత లెక్క కట్టించారు.

ఆ అంకెలో మేమున్నాం. సత్యనారాయణపురంలో సౌండ్ తగ్గించి చూసిన నేనూ ఉన్నాను, ఓల్డ్ ట్రాఫర్డ్ మొహం చూడని, ఒక్క టికెట్ కొనని, బీసెంట్ రోడ్ ఫుట్‌పాత్ మీద నకిలీ జెర్సీ బేరమాడి కొన్న మా మేనల్లుడూ ఉన్నాడు. మమ్మల్ని చూపించే స్పాన్సర్ల దగ్గర డబ్బు తెస్తారు. ఆటోనగర్‌లో ఒక టైర్ల షాపు గోడ మీద యునైటెడ్ ప్లేయర్ల పోస్టర్ చూసి మొదట్లో ఎంత మురిసిపోయానో. మన దేశపు అపోలో టైర్స్ 2013లో ఆ క్లబ్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ డబ్బు నా వల్ల వెళ్లిందే కదా, నాలాంటి వాళ్లు ఇక్కడ ఉన్నారనే కదా వాళ్లు కట్టింది.

ధర్నా ఫ్లెక్సీలు వేసేవాడిగా నాకు తెలిసింది ఏంటంటే, ఏ పోరాటంలోనైనా మొదట చూడాల్సింది అవతలివాడు దేనికి భయపడతాడు అని. అంగన్‌వాడీ సెంటర్ మూతపడితే ప్రభుత్వానికి ఇబ్బంది. చెత్త బళ్లు ఆగితే రెండో రోజుకి ఊరంతా తెలుస్తుంది. ఫుట్‌బాల్ ఓనర్ దేనికి భయపడాలి? అభిమాని అలిగి పక్క టీమ్‌కి వెళ్లడు, ఆ సంగతి ఓనర్‌కి తెలుసు. ఒకవేళ మాంచెస్టర్‌లో వాడు విసిగి సీటు వదిలేస్తే, ఆ సీటు కోసం క్యూలో ఇంకొకడు ఉంటాడు. ఆ క్యూ వెనకాల 65.9 కోట్ల మంది ఉన్నారని కాగితం మీద రాసి ఉంది. సమ్మె చేస్తున్న వాళ్ల స్థానంలో బయటి నుంచి మనుషుల్ని దింపుతారు చూడండి, మా అంకెని అక్కడి వాళ్ల మీద సరిగ్గా అలాగే వాడుతున్నారు. మమ్మల్ని అడక్కుండానే.

2021 ఏప్రిల్‌లో అది బట్టబయలైంది. పన్నెండు పెద్ద క్లబ్బులు కలిసి యూరోపియన్ సూపర్ లీగ్ అన్నాయి. ఓడినా కింది లీగ్‌కి దిగిపోవడం ఉండదు, స్థాపించిన వాళ్లు ఎప్పటికీ అందులోనే. మాల్కమ్ కొడుకు జోయెల్ గ్లేజర్ దానికి వైస్ ఛైర్మన్. స్టేడియానికి వెళ్లే పాత అభిమానులని ఆ ఆలోచన వెనకున్న కొందరు 'లెగసీ ఫ్యాన్స్' అన్నారని, వాళ్ల దృష్టి రేపటి అభిమానుల మీదే అని అప్పట్లో వార్తలొచ్చాయి. రేపటి అభిమానులంటే ఎవరు? మేమే. రెండు రోజుల్లో ఆరు ఇంగ్లిష్ క్లబ్బులూ వెనక్కి తగ్గాయి, జోయెల్ క్షమాపణ లేఖ రాశాడు. ఆ వారంలోనే ఇరవై మంది దాకా అభిమానులు ప్రాక్టీస్ మైదానంలోకి వెళ్లి నిలబడ్డారు. మీరెప్పుడు ఆడాలో మేం నిర్ణయిస్తాం అని వాళ్ల బ్యానర్ మీద రాసి ఉంది. బ్యానర్ అంటే అదీ. రాష్ట్ర కమిటీ లేదు, ఫోన్ నంబర్ లేదు.

చెప్పినట్టే చేశారు. మే 2, ఆదివారం. ఆ రోజు ఇక్కడ కరోనా రెండో దశ పీక్‌లో ఉంది, రాత్రి కర్ఫ్యూ, షాపుకి గిరాకీ అంటే శ్రద్ధాంజలి ఫ్లెక్సీలే. నాన్న టీవీలో తిరుపతి ఉప ఎన్నిక ఫలితాలు చూస్తున్నారు, పక్కన బెంగాల్, తమిళనాడు లెక్కలు. లివర్‌పూల్‌తో మ్యాచ్ మనకి రాత్రి తొమ్మిదింటికి. ఆరున్నర దాటాక బ్యాంకు మిత్రుడి నుంచి వీడియో వచ్చింది. ప్రేక్షకులు లేకుండా ఆడుతున్న రోజులు, ఖాళీ స్టేడియం, ఆ పచ్చిక మీద వందల మంది, చేతుల్లో ఎర్ర పొగ. ఇంకొందరు టీమ్ బస చేసిన హోటల్ ముందు దారి కట్టేసి కూర్చున్నారు. బస్సు కదల్లేదు. తొమ్మిదైంది, పది దాటింది, చివరికి మ్యాచ్ వాయిదా. ఒక పోలీసుకి మొహం మీద సీసా దెబ్బ తగిలిందని విన్నాను, అది నాకు నచ్చలేదు. కానీ మిగతాది చూస్తూ ఒళ్లు పులకరించలేదంటే అబద్ధం. అప్పటిదాకా వాళ్లు ఎన్ని స్కార్ఫులు వేసుకున్నా టీవీ వాళ్లకి నష్టం రాలేదు. ఆ రాత్రి ప్రపంచమంతా టీవీల్లో మ్యాచ్ లేదు. మా అంకెకి చూపించడానికి ఏమీ లేదు.

(పదకొండు రోజుల తర్వాత ఆ మ్యాచ్ ఆడితే లివర్‌పూల్ 4-2తో గెలిచింది. బ్యాంకు మిత్రుడు దాన్ని ఇప్పటికీ ప్రతి నెలా గుర్తు చేస్తాడు.)

ఆ గొడవల తర్వాతే బ్రిటన్‌లో ఫుట్‌బాల్ క్లబ్బుల మీద ఒక స్వతంత్ర నియంత్రణ సంస్థ ఉండాలన్న మాట ఊపందుకుంది. 2025 జూలైలో చట్టం అయింది. గ్లేజర్లు మాత్రం దిగలేదు.

ఓనర్ దిగిన చోట్లు లేకపోలేదు. బ్లాక్‌పూల్ అనే చిన్న క్లబ్ అభిమానులు ఏళ్ల తరబడి సొంత స్టేడియం గడప తొక్కలేదు. 2019లో కోర్టు ద్వారా ఓనర్ పెత్తనం పోయాక గాని తిరిగి లోపలికి వెళ్లలేదు. జర్మనీలో 2023 డిసెంబర్‌లో లీగ్‌లోకి బయటి పెట్టుబడిదారుడిని తెస్తామంటే, అభిమానులు మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపుతూ పోయారు. 2024 ఫిబ్రవరిలో ఆ ప్రయత్నమే మానుకున్నారు. మన కోల్‌కతాలో 1889 నాటి మోహన్ బగాన్ పేరు ముందు ఏటీకే అనే వేరే క్లబ్ పేరు తగిలిస్తే, అభిమానులు మూడేళ్లు తీసేయండి, తీసేయండి అని వెంటబడ్డారు. 2023 మార్చిలో గోవాలో కప్పు గెలిచిన రాత్రే ఓనర్ సంజీవ్ గోయెంకా తీసేస్తున్నామని ప్రకటించారు. అక్కడ ఒక్కటి గమనించండి, ఓనర్ కూడా అదే ఊరివాడు. పొద్దున లేస్తే ఎవరో ఒక బగాన్ అభిమాని మొహం చూడాలి.

మన తెలుగు వాళ్లకి ఆ ముచ్చటా లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ గుర్తుందా? 2019లో పుణె క్లబ్ మూతపడితే దాని స్థానంలో వచ్చింది. 2022లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది, గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ తర్వాత సీజన్‌లో నేనూ మేనల్లుడూ శాతవాహనలో సికింద్రాబాద్ వెళ్లి గచ్చిబౌలిలో మ్యాచ్ చూసొచ్చాం. పసుపు చొక్కాలు, డప్పులు, అన్నీ ఉన్నాయి, ఖాళీ కుర్చీలు కూడా చాలానే ఉన్నాయి. తర్వాత జీతాల బకాయిల గొడవలు ఫిఫా దాకా వెళ్లి, కొత్త ఆటగాళ్లని తీసుకోకుండా నిషేధం పడింది, టీమ్ అట్టడుగుకి పోయింది. 2025లో క్లబ్‌ని పేరు మార్చి ఢిల్లీ తీసుకుపోయారు. పుణె నుంచి వచ్చింది, ఢిల్లీ పోయింది, మధ్యలో మనకొక కప్పు. ధర్నా చేద్దామన్నా సరిపడా జనం లేరు. 1962 ఏషియాడ్‌లో ఇండియాకి బంగారు పతకం తెచ్చిపెట్టిన కోచ్ రహీమ్ సాబ్‌ని ఇచ్చిన హైదరాబాద్ ఫుట్‌బాల్ అది. మాంచెస్టర్ వాళ్లది ఇరవై ఏళ్ల పోరాటం అని జాలిపడతాం గాని, పోరాడటానికి అక్కడ ఇంకా క్లబ్ ఉంది.

మా ఫ్లెక్సీ దగ్గరికి వస్తాను. 2025 మార్చి 9న ఆర్సెనల్‌తో మ్యాచ్‌కి అందరూ నల్ల బట్టలు వేసుకుని ఓల్డ్ ట్రాఫర్డ్‌కి నడుస్తూ రావాలని 'ది 1958' అనే అభిమానుల బృందం పిలుపిచ్చింది. అదే రోజు దుబాయ్‌లో ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్, ఇండియా-న్యూజిలాండ్. మేనల్లుడు నల్ల టీషర్ట్ వేసుకుని వీధిలో నడుస్తుంటే ఎదురింటి బామ్మగారు ఆపేశారు. "ఇండియా ఫైనల్ రోజు ఆ నలుపేంట్రా, అప్రాచ్యుడా!" ఇండియా గెలిచింది కాబట్టి వాడు బతికిపోయాడు. బెంజ్ సర్కిల్ వైపు టపాసులు మోగుతుండగా పది గంటలకి మేం మెడికల్ రెప్ ఇంటి మేడ మీద ఫ్లెక్సీ కట్టుకుని కూర్చున్నాం. టీవీలో వేల మంది నల్లగా నడుస్తున్నారు. మ్యాచ్ 1-1. మా బ్రూనో ఫ్రీ కిక్, తర్వాత ఆర్సెనల్ ఆటగాడు రైస్ సమం చేశాడు.

అప్పటికి కోపం ఒక్క గ్లేజర్ల మీదే లేదు. 2024 ఫిబ్రవరిలో పావు వంతుకి పైగా వాటా కొన్న జిమ్ రాట్‌క్లిఫ్ చేతిలో ఫుట్‌బాల్ వ్యవహారాలు పెట్టారు. ఆయన మాంచెస్టర్ పక్క ఊళ్లో పుట్టినవాడు, చిన్నప్పటి నుంచి యునైటెడ్ అభిమాని. మనవాడే కదా అనుకున్నాం. మనవాడు మొదట 250 మంది ఉద్యోగుల్ని తీసేశాడు, తర్వాత ఇంకో 200 మంది దాకా అన్నాడు. సీజన్ మధ్యలో టికెట్ 66 పౌండ్లు చేసి, పిల్లలకి, వృద్ధులకి రాయితీ ఎత్తేశారు. మన డబ్బులో ఏడు వేలు. సిబ్బందికి పెట్టే ఉచిత భోజనం కూడా ఆపారు.

ఇక్కడే మా బ్యాచ్ చీలింది. ఫ్లెక్సీ మీద రాట్‌క్లిఫ్ పేరు కూడా చేర్చాలని లెక్చరర్. వద్దు, అప్పు చేసింది గ్లేజర్లు, ఈయన దాన్ని దిద్దే ప్రయత్నంలో ఉన్నాడని మెడికల్ రెప్. కంపెనీ అన్నాక ఖర్చులు తగ్గించదా అన్నాడు, పాపం రోజూ టార్గెట్లతో బతికే మనిషి. మేనల్లుడు స్ట్రైకర్‌ని కొంటే ఎవరి పేరూ వద్దన్నాడు. లివర్‌పూల్ మిత్రుడు ఇద్దరి పేర్లూ పెద్దగా వేయమన్నాడు, ఖర్చు తనే పెట్టుకుంటాడట. నేను రెండు మాటల ఫ్లెక్సీ చెడగొట్టొద్దని మొత్తుకున్నాను.

తేల్చింది నాన్న. మేడ మెట్ల దగ్గర కుర్చీలో కూర్చుని అంతసేపూ నిద్రపోతున్నారనుకున్నాం.

"క్యాంటీన్ మూశాడన్నావు, వాడి పేరేంటి?"

చెప్పాను.

"రాయి. వర్క్‌షాప్‌లో మా క్యాంటీన్ జోలికి వస్తే జనరల్ మేనేజర్ దాకా వెళ్లాం మేము. రాయి ముందు."

మర్నాడు షాపులో కొత్త ఫైల్ తెరిచాను. రాట్‌క్లిఫ్ అని తెలుగులో రాస్తే ఒత్తుల వల్ల లైను కిందికి దిగి ఆకుపచ్చ పట్టీలోకి పోతోంది. సైజు పది బై నాలుగు నుంచి పన్నెండు బై అయిదు చేయాలి. కింద సీ అండ్ డబ్ల్యూ, రాయనపాడు అని కూడా వేయమని నాన్న రెండుసార్లు ఫోన్ చేశారు. వేశాను. జిల్లా కమిటీ పేర్లు మాత్రం వేయనని చెప్పాను.